పారామెట్రిక్ వేరియంట్లు: ఫ్యాక్టరీ లేఅవుట్ రూపకల్పనలో

ఒక యంత్రాన్ని గానీ, కట్టడంలోని ఒక భాగాన్ని గానీ లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కసారి మూల నమూనాగా తయారు చేసి, దాని ముఖ్యమైన కొలతలను మార్చుకోదగిన విలువలుగా ఉంచితే, ఆ విలువలు మార్చినప్పుడల్లా కొత్త రూపం తయారవుతుంది. అలా వచ్చిన రూపాలను పారామెట్రిక్ వేరియంట్లు అంటారు. మార్చుకోదగిన విలువ పారామీటర్. కన్వేయర్ పొడవు, బెల్టు వెడల్పు, సైలో వ్యాసం, వరుసలోని యంత్రాల సంఖ్య ఇందుకు ఉదాహరణలు.

మామూలు డ్రాయింగులో 20 మీటర్ల కన్వేయర్‌ను 26 మీటర్లకు పెంచాలంటే గీతలు చెరిపి మళ్లీ గీయాలి. పారామెట్రిక్ నమూనాలో పొడవు గడిలో 26 అని వేస్తే చాలు. రోలర్ల సంఖ్య, కాళ్ల మధ్య దూరం, పక్క నడకదారి, సామగ్రి పట్టిక అన్నీ దానంతటవే సర్దుకుంటాయి. అయితే ఏ విలువనైనా ఇవ్వగలగడం మంచి వేరియంట్‌కు గుర్తు కాదు. వర్క్‌షాపులో దొరకని, చట్టం ఒప్పుకోని, నేల భరించని విలువను అది తీసుకోకూడదు.

ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా పల్నాడు పరిశ్రమల నుంచి తీసుకున్నవి. సిమెంటు, సున్నం, జిన్నింగ్, శీతల గిడ్డంగులు వంటి, ఒకే రకం పరికరం పదే పదే అవసరమయ్యే పరిశ్రమలు ఈ జిల్లాలో పక్కపక్కనే ఉన్నాయి.

చరిత్ర

కొలతల మధ్య సంబంధాలను కంప్యూటరుకే అప్పగించాలన్న ఆలోచనకు మూలం స్కెచ్‌ప్యాడ్. ఇవాన్ సదర్లాండ్ 1963లో ఎంఐటీలో తన పీహెచ్‌డీ పరిశోధనగా దీన్ని రూపొందించారు. రెండు గీతలు సమాంతరంగా ఉండాలని చెబితే ప్రోగ్రాం ఆ నియమాన్ని నిలబెట్టేది. ఒక మూల బొమ్మను మారిస్తే దాని నకళ్లన్నీ మారేవి. నేటి వేరియంట్ లైబ్రరీల సూత్రం ఇదే.

పరిశ్రమల్లోకి అది రావడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. శామ్యూల్ గైస్‌బర్గ్ 1985లో స్థాపించిన పారామెట్రిక్ టెక్నాలజీ కార్పొరేషన్, ప్రో/ఇంజనీర్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఆ దశాబ్దం చివర్లో విడుదల చేసింది. 1995లో వచ్చిన సాలిడ్‌వర్క్స్, ఎక్సెల్ పట్టికలో ఒక్కో వరుసను ఒక్కో వేరియంట్‌గా మలిచే పద్ధతిని చిన్న సంస్థలకు కూడా అందుబాటులోకి తెచ్చింది. 1982 నుంచి ఉన్న ఆటోక్యాడ్‌లో సాగదీయగల డైనమిక్ బ్లాకులు 2006 వెర్షన్‌తో వచ్చాయి.

రసాయన, చమురు కర్మాగారాల రూపకల్పనది కొంత వేరే దారి. బ్రిటన్‌లోని కేంబ్రిడ్జిలో 1967లో ఏర్పడిన క్యాడ్‌సెంటర్ నుంచి 1970లలో పీడీఎంఎస్ అనే సాఫ్ట్‌వేర్ వెలువడింది. పైపులు, వాల్వులు, ఫ్లాంజీలను కొలతల క్యాటలాగ్ నుంచి ఎంచుకుని పేర్చడం దాని పద్ధతి. ఆ సంస్థే తర్వాత అవీవా అయింది. దానికి హైదరాబాదులోనూ సాఫ్ట్‌వేర్ అభివృద్ధి కేంద్రం ఉంది.

యంత్రాన్ని రూపొందించే సాఫ్ట్‌వేర్, యంత్రాలను షెడ్డులో పేర్చే సాఫ్ట్‌వేర్ చాలాకాలం విడివిడిగానే నడిచాయి. 1999లో ఫిన్లాండ్‌లో మొదలై, 2017లో రోబోల తయారీ సంస్థ కూకా చేతికి వెళ్లిన విజువల్ కాంపొనెంట్స్, ఆటోడెస్క్ 2011లో తెచ్చిన ఫ్యాక్టరీ డిజైన్ సూట్ ఈ రెండింటినీ దగ్గర చేశాయి. ఆటోడెస్క్ పద్ధతిలో లైబ్రరీలోని ప్రతి పరికరాన్నీ అసెట్ అంటారు. ఆ సంస్థ యంత్ర రూపకల్పన సాఫ్ట్‌వేర్ ఇన్వెంటర్‌లో చేసిన నమూనాకు నేలను తాకే తలం, పక్క పరికరంతో అతుక్కునే బిందువులు, వాడేవారు మార్చదగిన పారామీటర్లు నిర్దేశించి లైబ్రరీలోకి ప్రచురిస్తారు.

పల్నాడు పారిశ్రామిక నేపథ్యం

గుంటూరు జిల్లా నుంచి విడదీసి 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లాను ఏర్పాటు చేశారు. ఇక్కడి నేల కడప బేసిన్‌లోని పల్నాడు ఉపబేసిన్‌కు చెందినది. సున్నపురాయి విస్తారంగా దొరుకుతుంది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు చెక్కింది పల్నాడు సున్నపురాతి మీదే. ఇప్పుడు అదే రాయి సిమెంటు మిల్లులకు, సున్నం బట్టీలకు, నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లకు ముడిసరుకు.

వెలగపూడి రామకృష్ణ స్థాపించిన కేసీపీ సంస్థ సిమెంటు కర్మాగారం మాచర్లలో 1958లో మొదలైంది. దేశంలో డ్రై ప్రాసెస్ పద్ధతిని ముందుగా చేపట్టిన కర్మాగారాల్లో అది ఒకటి. అదే సంస్థకు చెన్నై తిరువొత్తియూరులో భారీ యంత్రాల వర్క్‌షాపు కూడా ఉంది. సిమెంటు మిల్లును నడిపేదీ, సిమెంటు మిల్లులకు యంత్రాలు తయారు చేసేదీ ఒకే సంస్థ కావడం అరుదు. దాచేపల్లి మండలంలో తర్వాతి దశాబ్దాల్లో మరికొన్ని సిమెంటు కర్మాగారాలు వచ్చాయి. పిడుగురాళ్లకు లైమ్ సిటీ అనే పేరు సున్నం బట్టీల వల్ల వచ్చింది.

పత్తి వైపు నరసరావుపేట, చిలకలూరిపేట ప్రాంతాల్లో జిన్నింగ్ మిల్లులు, చిలకలూరిపేటలో నూలు మిల్లులు, మిర్చి కోసం శీతల గిడ్డంగులు ఉన్నాయి. 2000లో కేంద్రం మొదలుపెట్టిన టెక్నాలజీ మిషన్ ఆన్ కాటన్‌లో నాలుగో మినీ మిషన్ జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లుల ఆధునికీకరణకు ఉద్దేశించినది. అంతవరకు మనుషులు తట్టలతో మోసిన పత్తిని గాలి గొట్టాలు, కన్వేయర్లు మోయడం మొదలయ్యాక షెడ్డు లేఅవుట్ ఇంజనీరింగ్ సమస్య అయింది.

రకాలు

*కొలత వేరియంట్.* ఆకారం మారదు, సైజు మారుతుంది. హాపర్, డక్టు, ప్లాట్‌ఫారం వంటివి.

*పట్టిక వేరియంట్.* విలువలు ఇష్టం వచ్చినట్లు ఇవ్వడానికి లేదు, పట్టికలో ఉన్న వరుసల్లోంచే ఎంచుకోవాలి. కొనుక్కొచ్చే మోటారు, గేర్‌బాక్సు, బేరింగు, ఇనుప సెక్షన్లకు ఇదే సరైన పద్ధతి. బజారులో 500, 650, 800, 1000, 1200 మిల్లీమీటర్ల బెల్టులు దొరుకుతాయి. 730 మిల్లీమీటర్ల బెల్టును తెర మీద గీయవచ్చు, కొట్టులో కొనలేం.

*సంఖ్యా వేరియంట్.* ఒకే యంత్రం ఎన్నిసార్లు రావాలన్నది పారామీటర్. జిన్నింగ్ యంత్రాల వరుస, గోడౌన్‌లో ర్యాకులు, షెడ్డు స్తంభాలు ఈ కోవలోవి.

*నియమ వేరియంట్.* ఒక విలువ ఇంకో భాగం ఉనికినే నిర్ణయిస్తుంది. ప్లాట్‌ఫారం ఒక ఎత్తు దాటితే నిచ్చెన పోయి మెట్లు రావడం వంటిది.

*చేతివాటం వేరియంట్.* మోటారు కుడివైపా, ఎడమవైపా అన్న తేడా. చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, లేఅవుట్ పొరపాట్లలో దీని వాటా తక్కువేమీ కాదు. నమూనాను అద్దంలోలా తిప్పేస్తే బొమ్మ తిరుగుతుంది. లోపలి గేర్‌బాక్సు మాత్రం కుడిచేతి రకంగానే కొనుగోలు జాబితాలోకి వెళుతుంది.

*వివరాల స్థాయి వేరియంట్.* ఒకే పరికరానికి పూర్తి రూపం, పెట్టెలాంటి సరళ రూపం రెండూ ఉంచడం. మొత్తం కర్మాగారాన్ని ఒకే తెర మీద తెరవాలంటే సరళ రూపం లేనిదే పని జరగదు.

పనితీరు

పారామెట్రిక్ నమూనా లోపల మూడు పొరలు ఉంటాయి. వాడేవారు మార్చే ముఖ్య పారామీటర్లు పైన ఉంటాయి. వాటి నుంచి సూత్రాలతో లెక్క తేలే విలువలు మధ్యన, ఆ విలువలకు కట్టుబడిన ఆకారం అడుగున. ముఖ్య పారామీటర్లు ఎంత తక్కువైతే నమూనా అంత గట్టిగా నిలబడుతుంది. అనుభవం ఉన్న డిజైనర్లు అయిదారుకు మించి బయట పెట్టరు.

విలువ మారగానే సాఫ్ట్‌వేర్ ఆధారపడిన విలువలను వరుసగా మళ్లీ లెక్కిస్తుంది. పొడవు వాలు మీద, వాలు పొడవు మీద ఆధారపడేలా రాస్తే లెక్క చక్రంలో పడి ఆగిపోతుంది. అందుకే ఏది ముందు తెలిసిన విలువ, ఏది దాన్నుంచి రాబట్టేది అన్నది కాగితం మీద తేల్చుకున్నాకే మౌస్ పట్టుకోవాలి.

ఇంకో ఇబ్బంది లోపలిది. సాఫ్ట్‌వేర్ ప్రతి అంచుకు, తలానికి తనకు తాను ఒక గుర్తింపు ఇచ్చుకుంటుంది. పారామీటర్ మారి ఒక రంధ్రం మాయమైతే ఆ గుర్తింపులు ఒకదాని నుంచి ఇంకోదానికి జరిగిపోతాయి. వాటిని నమ్ముకుని కూర్చోబెట్టిన బోల్టు ఎక్కడికో పోతుంది. ఆకారాలను అంచుల మీద కాకుండా మూల తలాలు, అక్షాల మీద ఆధారపరచడం దీనికి తెలిసిన విరుగుడు.

ఉదాహరణ: సున్నపురాయి బెల్టు కన్వేయర్

క్రషర్ నుంచి వచ్చిన సున్నపురాయిని 20 మీటర్ల ఎత్తున్న హాపర్‌లోకి చేర్చాలనుకుందాం. బెల్టు కన్వేయర్ల ఎంపిక, రూపకల్పనకు భారతీయ ప్రమాణం ఐఎస్ 11592. నలగగొట్టిన సున్నపురాయిని సాధారణంగా 18 డిగ్రీలకు మించిన వాలులో ఎక్కించరు. మించితే రాయి వెనక్కి దొర్లుతుంది.

నమూనాలో ముఖ్య పారామీటర్లు నాలుగు: ఎత్తు, వాలు, బెల్టు వెడల్పు, ట్రెసిల్ కాళ్ల మధ్య గరిష్ఠ దూరం. మిగతావన్నీ సూత్రాలే. నేల మీద పొడవు అంటే ఎత్తును వాలు టాంజెంట్‌తో భాగించగా వచ్చేది. వాలు 16 డిగ్రీలైతే 20 మీటర్ల ఎత్తుకు నేల మీద సుమారు 69.7 మీటర్ల చోటు కావాలి, బెల్టు ఫ్రేము పొడవు 72.6 మీటర్లు. 18 డిగ్రీలకు పెంచితే చోటు 61.6 మీటర్లకు తగ్గుతుంది. రెండు డిగ్రీల తేడాతో 8 మీటర్ల స్థలం మిగులుతుందన్న మాట. పాత కర్మాగారంలో లారీల దారికీ కొత్త కన్వేయర్‌కూ మధ్య పోటీ వచ్చినప్పుడు ఈ 8 మీటర్లే తగువు తీరుస్తాయి.

కాళ్ల మధ్య గరిష్ఠ దూరం 12 మీటర్లని ఇస్తే, 69.7ను 12తో భాగించి పై పూర్ణాంకం తీసుకోవాలి. ఆరు అంకణాలు వస్తాయి, ఒక్కోటి 11.6 మీటర్లు. ఇక్కడ కొత్తవారు చేసే పని 12 మీటర్ల చొప్పున కాళ్లు పెట్టుకుంటూ పోయి చివరన 9.7 మీటర్ల ముక్క మిగల్చడం. బొమ్మలో తేడా తెలియదు. ఫ్యాబ్రికేషన్‌లో మాత్రం ఒక ట్రస్సుకు వేరే డ్రాయింగు, వేరే కటింగ్ అవసరమవుతాయి.

వాలు గడికి 18 అనే పై హద్దు, వెడల్పు గడికి ప్రమాణ సైజుల జాబితా పెట్టాకే ఈ నమూనా వేరియంట్ అవుతుంది. హద్దులు లేకుంటే ఎవరో ఒకరు చోటు చాలక 24 డిగ్రీలు ఇస్తారు. సాఫ్ట్‌వేర్ అభ్యంతరం చెప్పదు.

సైజుల జాబితాను సొంతంగా తయారు చేసుకోవాల్సి వస్తే రెనార్డ్ శ్రేణి ఉపయోగపడుతుంది. ఐఎస్ఓ 3 ప్రమాణంగా ఉన్న ఈ శ్రేణిలో ఆర్10 వరుస 10, 12.5, 16, 20, 25, 31.5, 40, 50, 63, 80, 100గా సాగుతుంది. ప్రతి సైజూ ముందుదానికి దాదాపు 1.26 రెట్లు. హాపర్లు, సైలోలు ఈ వరుసలో పెట్టుకుంటే కొద్ది వేరియంట్లతో విస్తృత పరిధిని కవర్ చేయవచ్చు.

ఉదాహరణ: జిన్నింగ్ హాలు

డబుల్ రోలర్ జిన్నులను సాధారణంగా ఎదురెదురుగా రెండు వరుసల్లో పెడతారు. పత్తి పైనుంచి వస్తుంది, దూది ఒక కన్వేయర్ మీద ప్రెస్సు వైపు, గింజలు ఇంకో దారిలో గోడౌన్ వైపు పోతాయి. ప్రెస్సు నుంచి బయటికి వచ్చే బేలు 170 కిలోలు.

ఇక్కడ యంత్రాల సంఖ్యే ప్రధాన పారామీటర్. 24 జిన్నులు, వరుసకు 12, కేంద్రం నుంచి కేంద్రానికి 2.5 మీటర్లు, రెండు కొసల్లో 3 మీటర్ల చొప్పున ఖాళీ అనుకుంటే హాలు పొడవు 33.5 మీటర్లు. స్తంభాలు 6 మీటర్లకు ఒకటి కాబట్టి షెడ్డు 36 మీటర్లు అవుతుంది. రెండున్నర మీటర్లు మిగులుతాయి, ఎలక్ట్రికల్ ప్యానెల్ అక్కడ పెట్టుకోవచ్చు. అదే 30 జిన్నులైతే కావలసింది 41, షెడ్డు 42 మీటర్లు. మిగిలింది ఒక్క మీటరు. ప్యానెల్‌కు వేరే గది కట్టాలి. ఆరు యంత్రాలు పెంచితే షెడ్డు ఖర్చు ఒక్క అంకణమే పెరిగినట్టు కనిపిస్తుంది గానీ, ఈ గది లెక్కలోకి రాకపోతే అంచనా తప్పుతుంది. యంత్రాల వరుసను, షెడ్డును వేర్వేరు నమూనాలుగా ఉంచి ఒకే పారామీటర్‌తో కలిపితే ఇలాంటివి ముందే బయటపడతాయి.

మనుషుల చోటు కూడా పారామీటరే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తన తర్వాత కట్టిన ఫ్యాక్టరీల్లో ఒక్కో కార్మికుడికి కనీసం 14.2 ఘనమీటర్ల చోటు ఉండాలని నిర్దేశించింది. నేల నుంచి 4.2 మీటర్ల పైన ఉన్న జాగాను ఇందులో లెక్కించకూడదని కూడా అంది. ఆ లెక్కన షెడ్డు పది మీటర్ల ఎత్తున్నా సూత్రంలో ఎత్తు 4.2గానే తీసుకోవాలి. జిన్నింగ్ హాలు నమూనాలో ఈ సూత్రం ఒక వరుస, దాని పక్కన కార్మికుల సంఖ్య ఇంకో వరుస.

వేరియంట్ తయారీ, ప్రచురణ

సాధారణ క్రమం ఇది. పరికరం సరళ రూపాన్ని గీస్తారు. ముఖ్య పారామీటర్లకు అర్థమయ్యే పేర్లు పెడతారు. సాఫ్ట్‌వేర్ తనంతట ఇచ్చే డీ12, డీ47 వంటి పేర్లు మూడు నెలల తర్వాత గీసినవారికే అర్థం కావు. హద్దులు, జాబితాలు బిగిస్తారు. నేల తలం, అతుకు బిందువులు గుర్తిస్తారు. కన్వేయర్ కొసను హాపర్ నోటి దగ్గరికి తేగానే రెండూ సరిగ్గా అతుక్కునేది ఈ బిందువుల వల్లే.

తర్వాత పరీక్ష. ప్రతి పారామీటర్‌నూ కనిష్ఠ, గరిష్ఠ విలువలకు తీసుకెళ్లి చూడాలి. మధ్య విలువల దగ్గర ఏ నమూనా అయినా బాగానే పనిచేస్తుంది.

ఎక్కువగా వాడే విలువల కలయికలను పేరు పెట్టి లైబ్రరీలో విడి వేరియంట్లుగా భద్రపరుస్తారు. 800 మిల్లీమీటర్ల బెల్టు, 16 డిగ్రీల వాలు ఉన్నదాన్ని బీసీ-800-16 అన్నట్టు. మూల నమూనా మారినప్పుడు ఇదివరకే లేఅవుట్‌లో పెట్టిన వేరియంట్లు మారాలా వద్దా అన్నది ముందే తేల్చుకోవాల్సిన విషయం. రూపకల్పన దశలో మారడం మంచిది. ఫ్యాబ్రికేషన్‌కు డ్రాయింగులు పంపాక మారకూడదు, ఆ దశలో నమూనా ప్రతిని ప్రాజెక్టు ఫోల్డరులోకి విడదీసి ఉంచుతారు.

ఎక్కడ పనికిరాదు

రోటరీ కిల్న్ వంటి యంత్రం కర్మాగారానికి ఒకటి, మహా అయితే రెండు. దాన్ని పారామెట్రిక్‌గా చేయడానికి పట్టే వారాలు తిరిగి రావు. పూర్తి కొలతలతో ఒక స్థిర నమూనా చాలు. అదే కర్మాగారంలో డక్టులు, బకెట్ ఎలివేటర్లు, నడకదారులు, మెట్లు, రెయిలింగులు పదుల్లో ఉంటాయి. లైబ్రరీ కట్టాల్సింది వాటికి.

సున్నం బట్టీల సంగతి రెండింటికీ మధ్యస్థం. బట్టీ వ్యాసం, ఎత్తు యజమానిని బట్టి, ఇంధనాన్ని బట్టి మారతాయి. కానీ రసాయన లెక్క మారదు. దాదాపు 900 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలితే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా పోతుంది. అందువల్ల బట్టీ నమూనాలో ఆకారం కన్నా ఈ నిష్పత్తిని సూత్రంగా పెట్టడమే ఎక్కువ ఉపయోగం. రోజుకు ఎన్ని టన్నుల రాయి వస్తుందో ఇస్తే సున్నం దించే చోటు, గోడౌన్ వైశాల్యం లెక్క తేలతాయి. మిర్చి శీతల గిడ్డంగిలోనూ ఇంతే. గది కొలతల కన్నా టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, దొంతర ఎత్తు, మధ్య దారి వెడల్పు మూల పారామీటర్లు కావాలి.

పాత కర్మాగారాల విస్తరణలో ఇంకో చిక్కు ఉంటుంది. 1950లు, 60ల నాటి మూల డ్రాయింగులు కాగితం మీదివి. స్తంభాలు కాగితం మీద ఉన్న చోటే నేల మీద ఉన్నాయన్న హామీ లేదు. లేజర్ స్కానింగ్‌తో నేల మీది పరిస్థితిని కొలిచి, స్కాన్ ఇచ్చే బిందు సమూహం మీద వేరియంట్లను నిలబెట్టడం ప్రస్తుత పద్ధతి. స్కాన్ లేకుండా పెట్టిన కచ్చితమైన వేరియంట్ కచ్చితంగా తప్పు చోట కూర్చునే ప్రమాదం ఉంది.

శిక్షణ, అందుబాటు

నరసరావుపేట ఇంజనీరింగ్ కళాశాల 1998 నుంచి, జేఎన్‌టీయూ కాకినాడకు చెందిన విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల 2016 నుంచి నరసరావుపేటలో ఉన్నాయి. క్యాడ్ శిక్షణలో యంత్ర భాగాలను గీయడానికి ఇచ్చే సమయం, వాటిని లైబ్రరీగా కట్టడానికి దక్కదు. మెకానికల్ విద్యార్థికి ఒక జిన్నింగ్ మిల్లు లేఅవుట్ ఈ విషయంలో మంచి ప్రాజెక్టు అవుతుంది.

చిన్న మిల్లులు, ఫ్యాబ్రికేషన్ షాపులకు ఏటా లైసెన్సు రుసుము భారం. వారికి ఫ్రీక్యాడ్ ఒక దారి. ఇది ఉచిత, బహిరంగ సాఫ్ట్‌వేర్. ఇందులోని స్ప్రెడ్‌షీట్ గడులను నమూనా కొలతలకు కలపవచ్చు, పైన చెప్పిన కన్వేయర్, జిన్నింగ్ హాలు సూత్రాలన్నీ అందులో రాయవచ్చు. భాగాల గుర్తింపులు జరిగిపోయే సమస్యను చాలావరకు తగ్గించిన 1.0 వెర్షన్ 2024 నవంబరులో విడుదలైంది.